ఎడమ అద్దం మడిచేసి బండి నడిపేవాళ్ళకి

ఇంకా చేతులు వణుకుతున్నాయి, అయినా రాస్తున్నా. పొద్దున బెంగళూరులో మారతహళ్ళి దగ్గర క్యాబ్‌లో వెళ్తున్నా. డ్రైవర్ సర్వీస్ రోడ్డులోకి ఎడమకి కట్ కొట్టాడు. టప్‌మని చప్పుడు. స్కూటర్ మీద వస్తున్న అమ్మాయి కిందపడింది. దేవుడి దయ, మోచెయ్యి గీసుకుపోయింది అంతే. టిఫిన్ బాక్సు మూత ఊడి పెరుగన్నం రోడ్డు పాలైంది. ఆ పిల్ల ముందు దాన్నే చూసుకుంది.

డ్రైవర్‌ది హిందూపురమట. "కనబళ్ళేదు మేడమ్" అంటాడు. ఎలా కనబడుతుంది? ఎడమ అద్దం మడిచి డోరుకి అతికించేశాడు! ఏంటన్నా ఇది అంటే, "బైకులోళ్ళు గుద్ది విరగ్గొడతారు మేడమ్" అన్నాడు. అద్దాన్ని కాపాడుకోవడానికి అద్దంలో చూడటమే మానేశాడు.

తెరిచి పెట్టుకునేవాళ్ళు కూడా తక్కువేం కాదు. అద్దంలో సగం వాళ్ళ డోరు హ్యాండిలే. మీ హ్యాండిల్ ఎక్కడికి పోతుంది బాబూ! తల కుడి కిటికీ అద్దానికి ఆనించి, మన కారు అంచు కొద్దిగా మాత్రమే కనబడేలా కుడి మిర్రర్ బయటికి తిప్పండి. తర్వాత రెండు సీట్ల మధ్యకి వంగి ఎడమదీ అలాగే పెట్టండి. అప్పుడు వెనకొచ్చే బైకు లోపలి అద్దంలోంచి తప్పుకునేలోపే పక్క అద్దంలోకి వస్తుంది, అందులోంచి పోయేలోపు కంటి చివర కనబడుతుంది. ఈ లెక్కంతా జార్జ్ ప్లాట్జర్ అనే ఇంజనీరు 1995లోనే పేపర్ రాసి చూపించాడు. అయినా తిరిగేముందు ఒకసారి మెడ తిప్పి చూడాల్సిందే. పైగా ఎడమ అద్దం ఉబ్బుగా ఉంటుంది, అందులో దూరంగా కనబడే బైకు నిజానికి ఇంకా దగ్గరగా ఉంటుంది.

ఇవన్నీ మనకి ఎవరు చెప్పారు? బీటీఎం లేఅవుట్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్‌కి ఆరు వేలు కట్టా. మా మాస్టారు రోజూ ఎక్కగానే ఎడమ అద్దం తనవైపు తిప్పుకునేవాడు. నాకు అందులో ఏమీ కనబడేది కాదు. ఒకరోజు అడిగేశా. "ముందు చూసి నడుపమ్మా, వెనకోడు వాడే చూసుకుంటాడు" అన్నాడు. లైసెన్సు టెస్టులో కూడా అద్దాల గురించి ఒక్క ముక్క అడగలేదు. పదేళ్ళయింది, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈ పొద్దున ఆ అమ్మాయి వెనకే ఉంది, చూసుకుంటూనే వచ్చింది. ఇండికేటర్ వెయ్యనిది మా డ్రైవరే.