కండ మీద పడవలసిన వెలుగు

కొత్త జిమ్ వాళ్లు తలుపులు బిగించకముందే అభిప్రాయ సేకరణ మొదలుపెట్టారు. ప్రజాభిప్రాయం మీద మీకింకా గౌరవం మిగిలి ఉంటే ఆ కాగితం జోలికి వెళ్లకండి. పైన పెద్ద అక్షరాలతో "మీ కలల జిమ్‌లో ఏమేమి ఉండాలి?" అని ప్రశ్న. కింద టిక్కు పెట్టడానికి ఇరవై రెండు గళ్లు. ఆవిరి గది, జ్యూసుల కౌంటరు, ఫోటోలు దిగడానికి ప్రత్యేక గోడ, ఆ గోడ మీద రాయవలసిన ఉత్తేజ వాక్యం, నీలిరంగు దీపాలు, ఇంకా నీలిరంగు దీపాలు. జాబితాను రెండుసార్లు చదివాను. బరువులు అన్న మాట ఎక్కడా లేదు. నాటకం కరపత్రంలో తెర రంగు, కుర్చీల సంఖ్య, విరామం వేళ అన్నీ అచ్చువేసి నాటకం పేరు మరిచిపోయినట్టుంది.

మరిచిపోయారని అనుకుంటే మనమే అమాయకులం. జిమ్ అన్నది ఆరంభశూరత్వాన్ని పెట్టుబడిగా పెట్టుకున్న వ్యాపారం. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు జిమ్‌ల హాజరు లెక్కలు తిరగేసి 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. నెలసరి చందా కట్టినవాళ్లు నెలకు సగటున 4.3 సార్లు వెళ్లారట. వెళ్లినరోజు వెళ్లినంతకే డబ్బు కట్టి ఉంటే వాళ్లలో ఎక్కువమందికి చవకగా తేలేది. ఆ 0.3 నాకెంతో నచ్చింది. చెప్పులు విప్పి, లాకరు తాళంచెవి తీసుకుని, ఏదో పని గుర్తొచ్చి తిరిగి వెళ్లిపోయినవాళ్లందరూ అందులో కనిపిస్తారు. కనుక నిజాయితీగల అభిప్రాయ పత్రంలో ఒకే ఒక్క ప్రశ్న ఉండాలి: "తమరు ఏ నెలలో మానేస్తారు?"

కాగితం చాలదన్నట్టు ఒక ఆదివారం సాయంత్రం సమావేశం కూడా పెట్టారు. సున్నం ఆరని హాలు, మూలన సిమెంటు బస్తాలు, గోడలోంచి బయటికి వేలాడుతున్న తీగలు. యజమాని గారు కలం, పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. మొదటి పది నిమిషాల్లో టవళ్లు, ఏసీ, సంగీతం తేలిపోయాయి. అప్పుడు చొక్కా చేతులు భుజాల దాకా కత్తిరించుకున్న ఒక యువకుడు లేచి, గొంతు సవరించుకుని, "అద్దం దగ్గర లైటు సంగతి ఏం చేశారు?" అన్నాడు.

హాలంతా నిశ్శబ్దం. ఇంతసేపూ అందరి మనసులోనూ ఉన్నది అదే.

యువకుడు విషయాన్ని వివరించాడు. దీపం ఎదురుగా ఉంటే కండ చదునుగా కనిపిస్తుంది. పైనుంచి, కాస్త ముందుకు వాలి పడితే కండ కింద నీడ చేరి గీతలు తేలుతాయి. (ఇందులో తప్పేమీ లేదు. వెలుగునీడల గురించి ఏ చిత్రకారుణ్ణి అడిగినా ఇదే చెబుతాడు. చిత్రకారుడు బొమ్మ కూడా వేస్తాడన్నదే తేడా.) మాటలెందుకు, పరీక్షించి చూద్దామన్నారు. యువకుడు సిమెంటు బస్తా ఎక్కి చెయ్యి మడిచాడు. మరొకడు నిచ్చెన ఎక్కి ఫోను టార్చి వెలిగించాడు. "వెనక్కి... ఇంకొంచెం... ఆగు, అక్కడే!" కప్పు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టారు. ఎడమ చేతికి అన్యాయం జరుగుతోందని ఒకాయన అభ్యంతరం లేవదీశాడు. సుద్ద గుర్తు జానెడు జరిగింది. ఇప్పుడు కుడి చేతివాళ్లు అలిగారు. ఈ వాదన జరుగుతున్నంతసేపూ బస్తా మీది యువకుడు ఊపిరి బిగబట్టే ఉన్నాడు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. "త్వరగా తేల్చండి" అని పళ్ల సందుల్లోంచి అన్నాడు. అంతలో మరొకాయన వీపు ప్రశ్న తెచ్చాడు. వీపుకు వేరే దీపం కావాలి, నిజమే, కాని తన వీపు తనకెలా కనబడాలి? వెనక ఇంకో అద్దం. ఆ అద్దం మీద పడిన వెలుగు తిరిగి వచ్చి ముందరి గీతలను చెరిపేస్తే? యజమాని గారు ఇవన్నీ రాసుకున్నారు, రాసుకున్నవాటి కింద రెండేసి గీతలు గీసుకున్నారు. ఎవరో వెనకనుంచి, "మాకింకా కండలు రాలేదు కదా, ముందు మామూలు బల్బు చాలదా?" అని అడిగితే, "లైటు పడితే కండ అదే వస్తుంది" అని నిచ్చెన మీదివాడు ధైర్యం చెప్పాడు. గడియారం చూశాను. దీపానికి నలభై నిమిషాలు పట్టింది.

ఆ తర్వాత ఒక పెద్దావిడ మాట్లాడారు. గుమ్మం ముందున్న ఎత్తయిన రెండు మెట్లు ఎవరి భుజమో పట్టుకుని ఎక్కి, నలభై నిమిషాలూ ఆ ప్లాస్టిక్ కుర్చీలో ఓపికగా కూర్చున్నారు. "బాబూ, కింద కూర్చుంటే లేవలేకపోతున్నాను. కాళ్లకు బలం రావాలని డాక్టరు గారు చెప్పారు. ఇక్కడ అది నేర్పుతారా? నేర్పితే ఆ మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక రాడ్డు వేయిస్తారా?"

"మీకెందుకమ్మా ఈ శ్రమ? పొద్దున్నే కాసేపు నడవండి చాలు. పైగా ఇక్కడ పాటలు గట్టిగా వస్తాయి" అన్నారు యజమాని గారు. కొందరు నవ్వారు. పుస్తకంలో ఏమీ రాయలేదు.

ఇక్కడ నాకు వ్యంగ్యం చేతకాదు. కుర్చీలోంచి లేవడమే జిమ్ భాషలో స్క్వాట్ అనే వ్యాయామం. మీరు అద్దం ముందు మూలుగుతూ, నలుగురూ చూస్తున్నారో లేదో ఓరకంట గమనిస్తూ చేసేది అదే. వృద్ధుల కాళ్ల సత్తువను కొలవడానికి వైద్యులు వాడే ఒక పరీక్షలో 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో 65 ఏళ్లు దాటినవాళ్లు వారానికి మూడు రోజులైనా శరీరం తూలకుండా నిలబెట్టే, కండకు బలమిచ్చే వ్యాయామాలు చేయాలని ఉంది. నడిస్తే చాలని లేదు. పడిపోతే తుంటి విరుగుతుంది. ఆ మంచం ఎక్కినవాళ్లలో అందరూ దిగరు. ఆ హాలులో బలం కావాలని అడిగిన మనిషి ఆవిడ ఒక్కరే. మిగిలినవాళ్లంతా అడిగింది వెలుగు. ఆవిడకు నవ్వు, వాళ్లకు రెండేసి గీతలు! బరువులు తగిలించి ఎత్తడానికి ఒక్కొక్కటి 20 కిలోలుండే ఇనుప రాడ్డులు ఆరు తెప్పిస్తున్నారట, గోడకు బిగించడానికి మాత్రం ఒక రాడ్డు దొరకలేదు. సిగ్గు అన్నది కూడా ఒక కండరమై, దానికీ ఒక దీపం పెట్టించుకునే వీలుంటే బాగుండేది.

అభిప్రాయ పత్రం అడుగున "ఇతరములు" అని ఒక సన్నటి గీత ఉంది. మెట్ల పక్కన రాడ్డు, ఎత్తి దించిన బరువుల ప్లేట్లను తిరిగి చోటులో పెట్టే మనుషులు, చెమట తుడిచిన బెంచీ అని రాసి ఇచ్చాను. తీసుకున్న కుర్రాడు చదివి, "ఇవి సౌకర్యాల కిందికి రావండీ" అన్నాడు. పత్రం పెట్టెలో వేశాడో లేదో చూడలేదు.

నెల తర్వాత ప్రారంభోత్సవం. దీపం సుద్ద గుర్తు దగ్గరే బిగించారు, చెప్పుకోవాలి. దాని కింద అప్పుడే నలుగురు వరుస కట్టి, చొక్కాలు పైకెత్తి, వంతు కోసం ఎదురుచూస్తున్నారు. నీలిరంగు దీపాలు వెలుగుతున్నాయి. ముఖ్య అతిథి ఇంకా రాలేదు. మెట్లకు ఆ చివరనుంచి ఈ చివరకు ఎర్ర రిబ్బను కట్టి ఉంది.

పెద్దావిడ వచ్చారు. ఎవరూ తోడు లేరు. మొదటి మెట్టు మీద కాలు మోపి, ఏదో ఒకటి వేయించారులే అనుకున్నారేమో, ఆ రిబ్బను పట్టుకున్నారు. అది ఊడి చేతిలోకి వచ్చింది. నేను మోచెయ్యి అందుకున్నాను. రిబ్బను పడడం చూసి లోపలివాళ్లు చప్పట్లు కొట్టారు.