మంచం కింది వేయింగ్ మెషీన్ గారికి

మహారాజశ్రీ వేయింగ్ మెషీన్ గారికి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. మీ లెక్క ప్రకారం కాదనుకోండి.

ఆందోళన ముదిరి, గుండె దడదడలాడుతూ, అన్నం ముద్ద గొంతు దిగని రోజుల్లో మీరు నన్నెంత మెచ్చుకున్నారండీ! ఎక్కినప్పుడల్లా అంకె తగ్గించి చూపించారు. మీ మాట ఊరికి కూడా నచ్చింది. ఎంవీపీ రైతుబజార్లో పక్కవీధి ఆవిడ వంకాయలు ఏరడం ఆపి మరీ, “ఏటమ్మా, ఇంత సన్నబడిపోనావు! ఏటి తింతన్నావు?” అంది. ఏమీ తినట్లేదండీ అన్నాను. అదేదో కొత్త డైట్ అనుకుని వివరాలడిగింది.

తర్వాత డాక్టరు గారు ఎస్సిటాలోప్రామ్ అని ఆందోళన తగ్గించే మందు మొదలుపెట్టారు. మొదట్లో వికారం, అంకె ఇంకాస్త దిగింది, మీరు ఇంకా మురిశారు. కొన్ని వారాలకి మందు పట్టింది. నిద్రొచ్చింది. ఓ సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర కాళ్లు వాటంతటవే ఆగాయి. ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, పైన పిండిన నిమ్మకాయ. పులుపు పులుపుగా, కారం కారంగా తెలిసి ఎన్నాళ్లయిందో! పొట్లం అడుగున మిగిలిన పలుకులు కూడా వదల్లేదు. ఇవేవీ మీ తెరమీదికి రాలేదు. పెరిగిన కిలోలు మాత్రం దశాంశంతో సహా వచ్చాయి. ఆ దశాంశం మీద మీకున్న గర్వం చూడాలి!

అందులో పోయిన ఒళ్లు తిరిగొచ్చినదెంత, మందు వల్ల వచ్చినదెంత? మీరు చెప్పలేరు. ఇలాంటి మందుల్లోనే మిర్టాజపిన్ అయితే ఒంట్లోని హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకుని ఆకలి రేపుతుంది. పరాక్సెటీన్‌కి బరువు పెంచుతుందని పేరుంది. నాది వేసుకునేవాళ్లలో కొందరు కొంచెం పెరుగుతారు, కొందరికి తేడాయే ఉండదు. అసలు ఆందోళనే ఒకరిని చిక్కించేస్తుంది, ఇంకొకరిని అర్ధరాత్రి ఫ్రిజ్ ముందు నిలబెడుతుంది. మధ్యలో థైరాయిడ్ సంగతొకటి. డాక్టరు గారు రక్తపరీక్ష రాసింది అందుకే. మీరైతే పరీక్షలేమీ లేకుండానే తీర్పు చెప్పేస్తారు.

ఊళ్లో మీకు ఏజెంట్లు కూడా ఉన్నారు. మొన్న పెళ్లిలో మా పెద్దత్త, “ఆ బిళ్లలు ఆపీవే, ఒళ్లు దానంతటదే తగ్గిపోద్ది” అంది, నా విస్తట్లో రెండో బొబ్బట్టు వేస్తూ. టక్కున ఆపేస్తే తల తిరుగుతుంది, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది, పాత దడ మళ్లీ రావచ్చు. అందుకే మోతాదు తగ్గించాలన్నా, మందు మార్చాలన్నా డాక్టరు మెల్లగా చేస్తారు. తల సంగతి మీకెలా తెలుస్తుంది లెండి, మీకది లేదుగా.

ఇకమీదట నా తూకం క్లినిక్‌లోనే. అక్కడ అంకె రాసుకుని ఊరుకోరు, నిద్రెలా ఉంది, ఆకలెలా ఉంది అని కూడా అడుగుతారు. వచ్చే నెల హైదరాబాద్ ప్రయాణం ఉంది, సూట్‌కేసుతో పాటు మాడుగుల హల్వా డబ్బాలు కూడా తూచాలి. 15 కిలోలు దాటితే విమానం వాళ్లు డబ్బులడుగుతారు. అప్పుడు బయటికి తీస్తాను. ఆ రోజు మీరెంత చెబితే అంత.

ఇట్లు,
ఇన్నాళ్లూ మీ నెత్తిమీద నిలబడిన మనిషి