బ్రెస్సన్ పేరు చెప్పి చాటు ఫోటోలా?

‘క్యాండిడ్ ఫోటోలకి హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ ఐదు రహస్యాలు’ అని ఒక పోస్టు. క్యాండిడ్ అంటే పోజు పెట్టించకుండా తీసే ఫోటో, బ్రెస్సన్ అంటే పేరున్న ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్. ఫోటోగ్రఫీ గ్రూపులో వచ్చింది, బంధువుల గ్రూపులోనూ వచ్చింది, పెళ్లి ఫోటోలు తీసే కుర్రాళ్ల స్టేటస్‌లలోనూ అదే. ఇక ఊరుకోలేను.

లైకా కెమెరా లేనిదే క్యాండిడ్ రాదట. నలుపు తెలుపు చేస్తే కళ అయిపోతుందట. ఈ రెండూ నవ్వి వదిలేద్దాం.

‘ఒక్క క్లిక్కే కొట్టేవాడు.’ ఆయన కాంటాక్ట్ షీట్లు, అంటే రీలులోని ఫ్రేములన్నీ ఒకే కాగితం మీద అచ్చయినవి, చూడండి, ఒకే దృశ్యం వెంట వరసగా ఫ్రేములు. ‘జన్మలో క్రాప్ చేయలేదు’, అంటే ఫోటో అంచులు కత్తిరించలేదట. 1932లో పారిస్‌లోని సాఁ లజార్ స్టేషన్ వెనక నీళ్లగుంట దూకుతున్న మనిషి ఫోటో క్రాప్ చేసిందే. కంచె సందులోంచి తీశాడు, పక్కన చెక్క అడ్డొచ్చింది.

అసలు విషం ఐదోది: ‘ఎదుటివాళ్లకి తెలియనివ్వకండి. దూరం నుంచి జూమ్‌తో తీయండి.’

ఏ జూమ్ బాబూ? ఆయన ఎక్కువగా వాడింది 50 మి.మీ. లెన్స్. దాంతో మనిషి నడుము దాకా ఫ్రేము నిండాలంటే ఇంచుమించు రెండు మీటర్ల దగ్గరికి వెళ్లాలి. 1944లో ఫ్రాన్స్‌లోని వాఁస్‌లో చిత్రకారుడు మాటిస్‌ని తీసింది ఆ మాటిస్ ఇంట్లోనే. చేతిలో పావురం, ముందు పంజరాలు, ముసలాయన తన బొమ్మలో మునిగి ఉన్నాడు. కెమెరా ఉందని తెలియకనా? తెలిసీ పట్టించుకోలేదు. అంతవరకూ ఓపిక పట్టడమే పోర్ట్రెయిట్ పని. మనవాళ్లేమో బస్టాపులో నిలబడ్డ అమ్మాయిని ఎదురు మేడ మీంచి 70-300 జూమ్ లెన్స్‌తో లాగి, కింద ‘ఇన్‌స్పైర్డ్ బై బ్రెస్సన్’ అని రాసుకుంటున్నారు. ఆ అమ్మాయే వచ్చి ‘ఎందుకు తీశావ్?’ అని నిలదీస్తే అప్పుడూ ఆ పేరే చెప్పండి, ఏం జరుగుతుందో చూద్దాం.

అలాగని ఆయన్ని మడికట్టుకున్న మనిషిని చేయను. గుంట దూకినవాడిని అడిగి తీయలేదు. లైకా మెరవకుండా నల్ల టేపు అంటించేవాడు. తన మొహం మాత్రం ఎవరికీ చిక్కనిచ్చేవాడు కాదు, అదో చోద్యం! 1944లోనే శాస్త్రవేత్తల జంట ఐరీన్, ఫ్రెడరిక్ జోలియో-క్యూరీల ఇంటికెళ్లి, తలుపు తీయగానే పలకరింపైనా లేకుండా క్లిక్ కొట్టాడు. మర్యాద కాదు, ఒప్పుకుంటా. కానీ అది వాళ్ల ఎదుట నిలబడి తీసింది. ఒళ్లుమండితే మొహం మీదే తలుపేసేవాళ్లు.