క్యూ కంటే పర్మిటే పెద్ద చిక్కు
బెత్లెహేమ్ దగ్గరి ఇజ్రాయెల్ తనిఖీ కేంద్రం చెక్‌పాయింట్ 300లో, ఇజ్రాయెల్‌కు పనికి వెళ్లే పాలస్తీనా కూలీల తోపులాట గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. ఒక్క మాట కలపాలి. 2019లో అక్కడ ఆటోమేటిక్ గేట్లు పెట్టాక క్యూ చాలావరకు తగ్గింది. అంతకుముందు మాత్రం రాత్రి రెండు, మూడు గంటలకే వచ్చి ఇనుప ఊచల దారిలో నిలబడేవాళ్లు. ఆలస్యమైతే అవతల మేస్త్రీ వ్యాను వెళ్లిపోయేది, ఆ రోజు కూలీ పోయినట్టే.

2023 వరకు దాటే క్రమం ఇలా ఉండేది: తిరుగుడు గేటు, మెటల్ డిటెక్టర్, సంచికి ఎక్స్‌రే, ఆపైన మాగ్నెటిక్ కార్డు (ఇజ్రాయెల్ ఇచ్చే గుర్తింపు కార్డు), బయోమెట్రిక్ తనిఖీ. కంప్యూటర్‌లో ‘భద్రతా నిషేధం’ అని పడితే వెనక్కే. కారణం చెప్పేవారు కాదు.

పర్మిట్, అంటే ఇజ్రాయెల్‌లో పనిచేసే అనుమతి, పని ఇచ్చే యజమాని పేరు మీద ఉండేది. దాన్ని దళారి నెలకు 2,000 నుంచి 2,500 షెకెళ్లకు (ఇజ్రాయెల్ డబ్బు) కూలీకి అమ్మేవాడు. కాగితం మీద ఒక యజమాని, పని ఇంకొకరి దగ్గర. జీతం ఎగ్గొట్టినా, పరంజీ మీంచి పడినా ఎవరిమీద ఫిర్యాదు చేయాలి? 2020 డిసెంబరులో నిర్మాణ కూలీలకు యజమానిని మార్చుకునే వీలిచ్చారు గానీ దళారీలు పోలేదు, పోతారని నేనైతే అనుకోలేదు.

2023 అక్టోబరు తర్వాత ఈ పర్మిట్లు దాదాపు అన్నీ ఆపేశారు. ఇజ్రాయెల్‌లో ఏర్పడిన ఆ ఖాళీల కోసమే 2024లో హైదరాబాద్‌లో షట్టరింగ్, రాడ్‌బెండింగ్, టైల్స్ పనివాళ్లను ఎంపిక చేశారు.