కిలో లోపు గుడారం, అడుగు లోతు ఇసుక

వేటకు పోయేవాడి టెంటు ఎన్ని గ్రాములుండాలి అన్నది ఇప్పుడు కోనసీమ ముందున్న అతి ముఖ్యమైన సమస్య. కొబ్బరి ధర, కాలువల్లో గుర్రపుడెక్క, రేవుల్లో పూడిక కూడా వరుసలో నిలబడే ఉన్నాయి. నిలబడటం వాటికి అలవాటే కనుక వాటి జోలికి పోవడం లేదు.

వేట అనగానే తుపాకీ గుర్తొచ్చి కంగారు పడనక్కర్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పుణ్యమా అని, అడవి బాతుకు గురిపెట్టినవాడి రాత్రి బస సంగతి ప్రభుత్వమే చూసుకుంటుంది, దానికి టెంటుతో పనిలేదు. కోరంగి అభయారణ్యంలో కెమెరాతో వేటాడతానన్నా ముందు అటవీ శాఖ అనుమతి కావాలి. ఇక మిగిలింది గాలం వేట. గౌతమి మీదో వసిష్ఠ మీదో ఏదో ఒక లంక చివర ఇసుక తిన్నె, నాలుగు గాలాలు, ఒక రాత్రి. పడితే పండుగొప్ప, పడకపోతే ఇంటినుంచి తెచ్చిన కోడికూర. ఈ మాత్రం కార్యక్రమానికి అలాస్కా కొండల్లో అడవి గొర్రెల వేటకు పోయేవాడి టెంటే కావాలని మనవాళ్ల పట్టుదల. ఆ మనిషి రోజుల తరబడి తిండి, తుపాకీ, తిరుగు ప్రయాణంలో మాంసంతో సహా సమస్తం వీపునే మోస్తాడు కనుక గ్రాము గ్రామూ లెక్కపెడతాడు. మనం ఎక్కవలసిన శిఖరం ఏటిగట్టు. అది దిగితే పడవ.

అయినా శాస్త్రం శాస్త్రమే. ఇద్దరు పట్టే రెండు పొరల టెంటు గట్టిదైతే 1.5 నుంచి 2 కిలోలు తూగుతుంది. అట్ట మీద అంతకన్నా బాగా తక్కువ కనిపిస్తే కింద సన్నక్షరాలు చదవాలి. కనీస బరువంటే లోపలి గది, పైకప్పు ఫ్లై, పోల్స్, అంతే. మేకులు, తాళ్లు, సంచీ తూకంలోకి రావు. అవి కూడా కలిసిన ప్యాకింగ్ బరువే అసలు బరువు. ఇక కిలో లోపు దొరికేవాటిలో చాలావాటికి సొంత పోల్సే ఉండవు, నడక కర్రల మీద నిలబెట్టాలి. కర్ర పట్టుకుని రేవులో దిగితే "మోకాళ్లు ఎప్పట్నుంచండీ?" అని సరంగు వైద్యం మొదలెడతాడు. ఇంతా చేసి పావుకిలో తగ్గించిన మహానుభావుడు అదే పడవలో నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ, ఐసు పెట్టె, ఆత్రేయపురం పూతరేకులు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎక్కిస్తాడు. కుర్చీ లేకుండా గాలం వేయడం మన మర్యాద కాదు.

'ఇద్దరికి' అన్నమాట కూడా కొలిచి నమ్మాలి. నేల వెడల్పు 127 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. 51 సెంటీమీటర్ల చాపలు రెండు వేస్తే మిగిలేది జానెడు పైచిలుకు. గోదారి భోజనం చేసిన ఇద్దరు బావలకు ఆ కొలత చాలదు, ముగ్గురిదే కొనాలి.

బట్ట దగ్గర డెనియర్ అనే అంకె ఉంటుంది. అది దారం లావు. ఫ్లైకి 20, నేలకు 40 నుంచి 70 ఉంటే లంకలో నత్త గుల్లలకూ ముళ్లకూ కాస్త ఆగుతుంది. పక్కనే నీటిని ఆపే శక్తి మిల్లీమీటర్లలో రాస్తారు. 3000 అంటే బట్ట మీద సుమారు 9.8 అడుగుల నీటి స్తంభం నిలబెట్టినా చెమ్మ దిగదని భావం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు ఎగరేస్తారు. మేలురకం టెంటు కూడా దానికి 2 అడుగులు తక్కువే పడుతోంది. రెండోది 13.75, మూడోది 17.75. తయారీదారులు ఈ దిశగా ఇంకా కృషి చేయాలి. వానకైతే ఫ్లై 1500 ఉన్నా చాలు, చినుకు తగిలి జారిపోతుంది. నేలకే ఎక్కువ కావాలి. తడి నేల మీద మోకాలు ఆనించినప్పుడు బరువంతా ఒకే చోట పడి, కింది నీరు బట్టలోంచి పైకి వస్తుంది.

నైలాన్ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించిన ఫ్లై అర్ధరాత్రికి వేలాడి లోపలి తెరను ముట్టుకుంటుంది, అక్కణ్ణుంచి చుక్కలు. మళ్లీ లేచి తాళ్లు బిగించాలి. పాలియెస్టర్ అంత సాగదు, ఎండకూ ఎక్కువ కాలం ఓరుస్తుంది. నైలాన్ అంత గట్టిది కాదంటారు, నిజమే, కానీ మన ఎండకూ తేమకూ సిలికాన్ పూసిన పాలియెస్టరే నయం. సిలికాన్ మీద మామూలు టేపు అంటదు కనుక కుట్ల వెంబడి సిలికాన్ సీలరు పూసి ఒక రోజు ఆరనివ్వాలి. డైనీమా అనే బట్ట నీరు పీల్చదు, సాగదు, బరువూ ఉండదు. కానీ రాపిడికీ ముల్లుకూ లొంగుతుంది. దాని ధర విన్నవాడికి పులస చవకనిపిస్తుంది.

'మూడు కాలాల టెంటు' అని కేటలాగులో రాసింది వసంతం, వేసవి, శరత్తు చూసుకుని. మనకున్నవి ఎండ, వాన, వాయుగుండం. నాలుగో కాలపు టెంటు మంచు బరువు మోయడానికి పుట్టింది, అమలాపురంలో అది కొన్నవాడు లోపల ఉడుకుతాడు. 1996 నవంబరు తుఫాను కొబ్బరిచెట్లను మొదలంటా కూల్చిన నేల మీద 'తుఫానుకు తట్టుకుంటుంది' అని అట్ట మీద అచ్చేయడానికి గుండె కావాలి. వాయుగుండం అన్న మాట వినగానే చేయవలసిన పని టెంటు విప్పి పడవెక్కడం.

ఒంటిపొర టెంటు తేలికే. ఏటి ఒడ్డున రాత్రి పడుకున్నవాడి ఊపిరి, చెమట అన్నీ ఆ పొరకే పట్టి తెల్లారేసరికి మొహం మీద కురుస్తాయి. బయట వాన లేదు కదా అని ఆశ్చర్యపోవడం అదనపు వినోదం. లోపల సన్న వల, బయట ఫ్లై, రెంటి మధ్య నాలుగు వేళ్ల సందు, పైన గాలి కిటికీ ఉన్నదే కొనాలి. మభ్యపెట్టే ఆకుపచ్చ మచ్చల రంగు కావాలని పట్టుబట్టేవారున్నారు. చేపకు టెంటు రంగుతో పేచీ లేదు, దోమకు రంగుతో పనిలేదు.

అసలు కథ మేకుల దగ్గర. పెట్టెలో వచ్చే జానెడు మేకు ఇసుకలో దిగినంత సుఖంగానే పైకి వస్తుంది. మేకుల్లేకుండా తనే నిలబడే టెంటు అని అమ్ముతారు. నిలబడుతుంది, ఖాళీగా ఉంటే గాలికి నడుస్తుంది కూడా. పాత ఎరువుల సంచీని చిన్న ముక్కలు కోసి, ఒక్కో ముక్కలో తడి ఇసుక మూటకట్టి, మెడకు తాడు బిగించి, అడుగు లోతు గోతిలో పూడ్చి తొక్కాలి. మూట లేకపోతే మేకునే నడుముకు తాడు కట్టి అడ్డంగా పాతాలి. నాలుగు మూలలూ, గాలివైపు రెండు తాళ్లూ, మొత్తం ఆరు. గాలి ఉన్నప్పుడు ముందు గాలివైపు మూలలు కట్టి తర్వాతే పోల్స్ ఎత్తాలి. సన్నటి చివర గాలికి ఎదురుగా, తలుపు దానికి అవతలివైపు. పోల్స్ అల్యూమినియంవే మేలు. అవి వంగుతాయి, ఫైబర్ గ్లాసువి నిలువునా చీలి అరచేతిలో ముళ్లు దింపుతాయి. విరిగిన చోట తొడగడానికి బెత్తెడు గొట్టం, చుట్టడానికి టేపు సంచీలో పడి ఉండాలి.

అడుగున కళ్లంలో ధాన్యం మీద కప్పే బరకం పరచడం మంచి ఆలోచనే, అంచులు బయటికి వదలకపోతే. వదిలితే ఫ్లై మీంచి జారిన వానంతా దాని మీదకు చేరి పడక కిందే చెరువు కడుతుంది. చుట్టూ నాలుగు వేళ్లు లోపలికి మడవాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇసుక తిన్నె మీద టెంటు మాటే వద్దు. పైన గేట్లు ఎత్తారన్న కబురు తిన్నెకు చేరేలోపు నీళ్లు చేరతాయి.

అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్లొస్తే జిప్పులనూ పోల్ అతుకులనూ మంచినీళ్లతో కడగాలి, ఉప్పు వాటిని తినేస్తుంది. తర్వాత నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. మామూలు టెంట్లకు ఉండే పాలియురెథేన్ పూత తేమా వేడీ కలిస్తే విరిగిపోతుంది. తడిగా చుట్టి పెడితే మళ్లీ విప్పేనాటికి కరిగిన జీళ్లపాకంలా అంటుకుని, పుల్లటి వాసన కొడుతుంది. దానికి మందు లేదు. ఆరాక బిగించి చుట్టకుండా నూలు సంచీలో వదులుగా వేసి గదిలో కొక్కేనికి తగిలించాలి. అటక మీద మాత్రం పెట్టకండి. 20 డెనియర్ బట్ట ఎంత మన్నుతుందో ఎలుక ఒక్క రాత్రిలో తేల్చేస్తుంది, దానికి వారంటీ వర్తించదు.