పరుగు వీరుడికి ఈ సమాజం ఇచ్చే విలువ ఇంతేనా?

నేను రన్నింగ్ మొదలుపెట్టి ఏడాది నిండింది. సన్మానం, శాలువా సంగతి పక్కన పెట్టండి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క దండం ఎమోజీ పడలేదు, అదే గ్రూపులో బోర్ మోటార్ బాగయిందని పెడితే మాత్రం అందరూ వరసపెట్టి దండాలు పెడతారు. మోటార్ అన్నా అప్పుడప్పుడు రెస్ట్ తీసుకుంటుంది, నేను అదీ లేదు. అందుకే ఈ సమాజం ఎక్కడెక్కడ దిద్దుకోవాలో నేనే చెప్పాల్సి వస్తోంది. ఇది నా సొంత బాధ అనుకోకండి, రన్నర్ జాతి మొత్తం తరఫున.

ముందు చుట్టాల సంగతి. పొట్ట పోయి దవడలు తేలి, అద్దంలో నన్ను నేనే కెన్యా మారథాన్ రన్నర్‌లా చూసుకుంటూ పెళ్ళికి వెళ్తే మా మేనత్త గడ్డం పట్టుకుని "ఏంట్రా మొహం అంతా పీక్కుపోయింది, షుగరా?" అంది. కాదత్తా రన్నింగ్ అంటే "అదేలే, డాక్టర్ నడవమన్నాడన్నమాట" అని తనే తేల్చేసింది. ఈలోగా బాబాయి పక్కకి లాక్కెళ్ళి గొంతు తగ్గించి, మెంతులు రాత్రి నానేసి పరగడుపున తాగమని, ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు. సరే సైన్స్ చూపిద్దామని వాచీలో రెస్టింగ్ హార్ట్ రేట్ 54, అంటే ఊరికే కూర్చున్నప్పుడు గుండె అంత నిదానంగా కొట్టుకుంటే ఫిట్‌గా ఉన్నట్టు, అని చూపిస్తే అత్త ఇంకా బెదిరిపోయి, అంత మెల్లగా కొట్టుకుంటోందా, రేపే ఈసీజీ తీయించరా అని ఒకటే గోల.

ఆ పెళ్ళి ముహూర్తం ఆదివారం తెల్లవారుజామున 3 గంటల 42 నిమిషాలకి. పంచాంగం రాసేవాళ్ళకి తిథి, వారం, నక్షత్రం అన్నీ తెలుసు కానీ ఆదివారం లాంగ్ రన్, వారం మొత్తానికి పెద్ద పరుగు, అని తెలీదు, ఎంత ఘోరమో చూడండి. జీలకర్ర బెల్లం పెట్టే టైంకి మండపంలో నిజంగా మెలకువగా ఉన్నది పంతులుగారు, వీడియో అతను, నేను. పెళ్ళికొడుకు కూడా డౌటే. అక్షింతలు వేసి వేసినట్టే బయటికెళ్ళి షూ లేసు కట్టుకుంటుంటే మా ఆవిడ చూసిన చూపు గురించి ఇక్కడ రాయను, ఇది కుటుంబాలు చదివే వ్యాసం.

ఆఫీసులో వేరే రకం అజ్ఞానం. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే సగం దూరం, పూర్తి చేసి, మెడల్ పొరపాటున మెడలోనే ఉండిపోయినట్టు సోమవారం వెళ్తే అందరిదీ ఒకటే ప్రశ్న, "ఫస్ట్ వచ్చారా?" రాలేదంటే మెడల్ ఎందుకిచ్చారు అని. ఇంకొకాయన, మా గేటెడ్ కమ్యూనిటీలో కూడా 5కె మారథాన్ పెట్టారండీ, మా పాప కూడా పరిగెత్తింది అన్నాడు. అయ్యా, మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు, 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలెట్టి స్టేడియంలో రాజవంశం కూర్చునే బాక్స్ ముందు ముగించారు, అక్కడ వచ్చిన లెక్కనే 1921లో అధికారికంగా ఖాయం చేశారు అని వివరంగా చెప్పా. మనం 1947లో స్వాతంత్ర్యం తెచ్చుకున్నాం కానీ ఆ రాజుగారి బాక్స్ దాకా ఇప్పటికీ పరిగెడుతూనే ఉన్నాం అని కూడా అన్నా. మీరు పరిగెత్తింది హాఫే కదా సార్ అని ఒక ఫ్రెషర్ గుర్తుచేశాడు. ఈ కాలం పిల్లలకి చరిత్ర మీద ఆసక్తి లేదు.

ఇక ప్రభుత్వం పట్టించుకోవాల్సింది పేసర్ల విషయం, అంటే మనతో పాటు పరిగెత్తి మన స్పీడ్ తగ్గకుండా చూసేవాళ్ళు. కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్చోగే 2019లో వియన్నాలో 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో మారథాన్ దూరం పరిగెత్తాడు, అంటే గంటకి 21 కిలోమీటర్లు, సాయంత్రం ఆరింటికి సైబర్ టవర్స్ దగ్గర కారుకి ఆ స్పీడ్ వస్తే మనం దిగి కొబ్బరికాయ కొడతాం. కానీ ఆయనకి గాలి తగలకుండా 41 మంది పేసర్లు మారి మారి పరిగెత్తారు, ముందు ఒక కారు రోడ్డు మీద లేజర్ గీతలు వేస్తూ పోయింది. మా కాలనీలో నాకున్నవి కుక్కలు. పాల బూత్ దగ్గర గోధుమరంగుది ఒకటి ఉంది, చెవి కొంచెం తెగి ఉంటుంది, ఈజీ రన్ అనుకుని బయల్దేరిన రోజు కూడా నాతో ఇంటర్వల్స్, అంటే మధ్యమధ్యలో స్పీడ్ పరుగులు, చేయించేది అదే. నా బెస్ట్ కిలోమీటర్ దాని పుణ్యమే. యాప్‌లో అది "ఫాస్టెస్ట్ స్ప్లిట్" అని పడింది, కుక్క పేరు పడలేదు, క్రీడారంగంలో కోచ్‌లకి గుర్తింపు లేదనేది ఇందుకే.

వాచీ విషయంలో వాచ్‌మన్‌కి శిక్షణ ఇవ్వాలి. ఇంటికి వచ్చేసరికి 9.87 కిలోమీటర్లు చూపిస్తే మనిషన్నవాడు ఆపగలడా? సెల్లార్‌లోకి వెళ్తే జీపీఎస్ అందదు, అందుకని గేటు ముందు, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇస్త్రీ బండి దాకా అటూ ఇటూ, చెయ్యి మొహం ముందు పెట్టుకుని తిరుగుతుంటే ఆయన టార్చ్ తెచ్చి "ఏం పడిపోయింది సార్, బంగారమా?" అని నాతో పాటు వెతకడం మొదలెట్టాడు. ఇద్దరం కలిసి 10.00 చేశాం. ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నాడు పాపం.

ఇంట్లో జరిగే చరిత్ర వక్రీకరణ కూడా చిన్నది కాదు. మన దేశపు రన్నర్ శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలకి మారథాన్ పూర్తి చేశాడు, ఆ జాతీయ రికార్డుని దశాబ్దాల పాటు ఎవరూ కదపలేకపోయారు, తరచూ వట్టికాళ్ళతోనే పరిగెత్తేవాడు అని భోజనాల దగ్గర స్ఫూర్తి కోసం చెప్పా. మా ఆవిడ అందులోంచి "వట్టికాళ్ళు" ఒక్కటే పట్టుకుంది. "మరి మీకెందుకండీ ఇరవై వేల షూ?" అంటుంది. కార్బన్ ప్లేట్ ఉంటుంది, కాలుని ముందుకి తోస్తుంది అంటే, కూరగాయల మార్కెట్‌కి కూడా తోస్తుందా అని. కార్బ్ లోడింగ్, అంటే రేసు ముందు పిండిపదార్థాలు ఎక్కువ తినడం, అన్నా కూడా అంతే, దానికి కొత్తగా చెయ్యాల్సిందేముంది, మీ ఇంట్లో మూడు తరాల నుంచి అదే కదా చేస్తోంది అని నాకే ఇంకో గరిటె అన్నం వేసింది.

వచ్చే ఆగస్టులో ఫుల్‌కి దిగుతున్నా. పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా, ఆ ఉక్కపోతలో, ఆ ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ. ముంబై వాళ్ళు వాళ్ళ మారథాన్ దారిలో ఒక్క పెడ్డర్ రోడ్ ఎత్తు గురించి ఏళ్ళ తరబడి కథలు చెప్పుకుంటారు, ఇక్కడ జూబ్లీహిల్స్‌లో పుట్టిన పిల్లలు సైకిల్ నేర్చుకునే రోడ్లే అలా ఉంటాయి. రోడ్డు పక్కన నిలబడే ప్రజలకి నా విన్నపం. చప్పట్లు కొట్టండి, నారింజ తొనలు ఇవ్వండి, ఫోటో తీస్తే మాత్రం రెండు కాళ్ళూ గాల్లో ఉన్నప్పుడు తియ్యండి, నడుస్తున్నప్పుడు వద్దు. "దగ్గరికొచ్చేసింది సార్, ఇంకొంచెమే" అని 25వ కిలోమీటర్ దగ్గర మాత్రం ఎవరూ అనొద్దు. మేనత్త వస్తానంటోంది, మెంతి నీళ్ళ సీసాతో.