కారులోంచి కనపడని కాలువ

డాలస్ నుంచి సాన్ ఆంటోనియో సుమారు 275 మైళ్లు. లాంగ్ వీకెండ్ వస్తే మనవాళ్లు తెల్లారకుండా బయల్దేరి, దారిలోనే పులిహోర డబ్బా ఖాళీ చేసి, మధ్యాహ్నానికి అలమో ముందు గ్రూప్ ఫొటో దిగుతారు. సాయంత్రం రివర్ వాక్‌లో బోటు షికారు. మర్నాడు ఓపికుంటే, స్పానిష్ సన్యాసులు స్థానిక తెగల్ని క్రైస్తవంలోకి మార్చడానికి పెట్టిన పాత మిషన్లలో సాన్ హోసే దగ్గర ఇరవై నిమిషాలు, కాన్సెప్సియోన్ దగ్గర పది. "మిషన్లు కూడా కవర్ చేసేశాం" అని వాట్సాప్ స్టేటస్. మొదటిసారి నేనూ అంతే. ఆ రోజు నేను చూసింది ప్రధానంగా పార్కింగ్ స్థలాలని రెండోసారి సైకిల్ మీద వెళ్లాక తెలిసింది.

ఈ మిషన్లను నడిచి చూడాలి, కాకపోతే సైకిల్ తొక్కుతూ చూడాలి. ఆరోగ్యం, పర్యావరణం అంటూ పాఠం చెప్పబోవడం లేదు. కారులో వెళితే అక్కడ చూడాల్సిన అసలు సంగతి కంటపడదు, నా బాధంతా అది.

చరిత్ర చాలామందికి తెలిసిందే. స్పెయిన్ రాజు టెక్సస్ మీద పట్టు కోసం ఫ్రాన్సిస్కన్ సన్యాసుల్ని ముందు నిలిపాడు. అలమోగా మారిన వలేరో మిషన్ 1718లో, సాన్ హోసే 1720లో వెలిశాయి. కాన్సెప్సియోన్, సాన్ హువాన్, ఎస్పాడా మిషన్లను 1731లో తూర్పు టెక్సస్ నుంచి ఇక్కడికి తరలించారు. 2015లో ఐదింటికీ కలిపి యునెస్కో గుర్తింపు వచ్చింది. అలమో తప్ప మిగతా నాలుగు చర్చిల్లో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి.

ఐదూ ఒకే నది వెంట ఎందుకున్నాయి? కారులో వెళ్లేవాడికి ఈ ప్రశ్నే రాదు. జీపీఎస్ ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి తీసుకెళ్తుంది, మధ్యలో సిగ్నళ్లు, టైర్ల షాపులు. అదే నది గట్టున సైకిల్ బాట ఎక్కితే జవాబు పక్కనే పారుతూ ఉంటుంది. ఇది కూడా సులువుగా దక్కిన బాట కాదు. వరదల భయంతో ఇంజనీర్లు గత శతాబ్దంలో నదిని తిన్నటి మురుగుకాలువలా మార్చేశారు. దాన్ని మళ్లీ నదిలా తీర్చిదిద్దే పని 2013లో పూర్తయింది. ఊరి దక్షిణాన సుమారు 8 మైళ్ల ఆ దారిని మిషన్ రీచ్ అంటారు.

ఎస్పాడా దగ్గర సైకిల్ దిగి ఆగండి. 1740ల్లో కట్టిన ఒక రాతి అక్విడెక్టు అక్కడుంది. రెండంటే రెండు కమానులు. కింద పియెద్రాస్ వాగు, పైన పంటకాలువ. కోనసీమ వాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, పి.గన్నవరం అక్విడెక్టు మీద తిరిగినవాళ్లు కదా. దాని ముందు ఇది పిల్లకాలువ. అయితే ధవళేశ్వరం ఆనకట్టకు వందేళ్ల ముందే నీళ్లు మోయడం మొదలుపెట్టింది, ఇప్పటికీ మోస్తూనే ఉంది. నేను వెళ్లినప్పుడు నీళ్లు చప్పుడు చేయకుండా పోతున్నాయి. ఇంకెవరూ లేరు. అలమో దగ్గర అదే సమయంలో క్యూ ఉండి ఉంటుంది.

ఈ కాలువల్ని అక్కడ 'అసెకియా' అంటారు. నది ఎగువన చిన్న ఆనకట్ట, అక్కడి నుంచి వాలు చూసుకుంటూ తవ్విన కాలువ, దారిలో తూములు, చివర మొక్కజొన్న, బీన్స్ పొలాలు. మిషన్ అంటే ముందు ఇదీ. చర్చి తర్వాత వచ్చింది. కాన్సెప్సియోన్ రాతి చర్చి 1755కి గానీ పూర్తికాలేదు, పొలాలు అంతదాకా ఆగుతాయా? ఒక రోజు నీటితో తడిసే భూమిని 'స్వెర్తె' అనేవాళ్లు. ఆ మాటకు అదృష్టం అని కూడా అర్థం, ఎందుకంటే ఆ భూముల్ని చీటీలు తీసి పంచేవాళ్లు. చివరి భూములకు నీళ్లందుతాయా లేదా అని ప్రతి ఖరీఫ్‌కూ టెన్షన్ పడే జనం మనం. మనకంటే బాగా ఈ మాట ఎవరికి అర్థమవుతుంది?

మరి తవ్విందెవరు? ఈ ప్రాంతపు కోఆవిల్టెకన్ తెగలు. చిన్న చిన్న గుంపులుగా, రుతువును బట్టి నడుస్తూ బతికినవాళ్లు. నాగజెముడు పండ్లు పండే కాలానికి ఒకచోట, పెకాన్ కాయలు రాలే కాలానికి ఇంకోచోట. ఒకవైపు అపాచీ అనే మరో తెగ దాడులు, మరోవైపు కొత్త రోగాలు, ఆకలి. గత్యంతరం లేక మిషన్ గోడల మధ్యకు వచ్చారు. వచ్చాక గంట కొడితే లేవాలి, గంట కొడితే పనికెళ్లాలి. పారిపోయినవాళ్లను వెతికి వెనక్కి తెచ్చేవాళ్లు. 1739లో మశూచి వచ్చి మిషన్లను తుడిచిపెట్టినంత పని చేసింది. నడకే జీవితమైన మనుషుల్ని నడవనివ్వకుండా చేసిన చోటు ఇది. ఆ బాట మీద, అదే నాగజెముడు పొదల పక్క నుంచి నడుస్తుంటే ఆ విషయం కాళ్లకు తెలుస్తుంది. ఏసీ కారులో ఎంత మంచి ఆడియో గైడ్ విన్నా తెలియదు.

అభ్యంతరాలున్నాయి. జులైలో టెక్సస్ ఎండలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని నడిపిస్తామా? వద్దు, నవంబరులోనో ఫిబ్రవరిలోనో వెళ్లండి, లేదంటే రెండు మిషన్ల మధ్య మాత్రమే నడవండి. బలవంతపు చాకిరీ జరిగిన చోట సైకిల్ షికారేమిటి అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో బరువుంది. కానీ ఇరవై నిమిషాల్లో సెల్ఫీ దిగి వెళ్లిపోవడం ఏ రకంగా మర్యాద?

నన్ను ఎక్కువగా కుదిపేది మాత్రం పేర్ల సంగతి. ఏ మిషన్‌ను ఏ ఫాదర్ స్థాపించాడో బోర్డు మీద ఉంటుంది. కాలువ తవ్వినవాళ్లు దొరికితే బాప్తిస్మ రిజిస్టర్లలో దొరుకుతారు, అదీ స్పానిష్ పేర్లతో. సొంత పేర్లు చాలావరకు పోయాయి. మనం మాత్రం తక్కువ తిన్నామా! గోదావరి జిల్లాల్లో ఊరూరా కాటన్ దొర విగ్రహాలున్నాయి, పుష్కరాల్లో ఆయనకు పిండం పెట్టేవాళ్లున్నారు. కాదనను, ఆయన చేసిన మేలు చిన్నది కాదు. ఆయన కింద మట్టి మోసిన ఒక్క కూలీ పేరు చెప్పమంటే డెల్టాలో ఎంతమంది చెప్పగలరు? ఆనకట్టలకు తండ్రులుంటారు, తట్టలు మోసినవాళ్లకు ఊరూ పేరూ ఉండదు. ప్రాజెక్టు గేట్ల దగ్గర శిలాఫలకం మీద మంత్రి, ఎమ్మెల్యే, చీఫ్ ఇంజనీరు, కాంట్రాక్టరు. చదివి చూడండి, నేను చదువుతూనే ఉంటాను, అదో జబ్బు.

అలమో సంగతీ చెప్పుకోవాలి. 1793 దాకా, అంటే 75 ఏళ్లు అది మిషన్. 1836లో అక్కడున్న టెక్సస్ తిరుగుబాటుదారుల్ని మెక్సికో సైన్యం చుట్టుముట్టిన 13 రోజుల ముట్టడి ఆ 75 ఏళ్లనూ మింగేసింది. అందుకే ప్రయాణాన్ని తిరగేయమంటాను. అలమోతో మొదలుపెట్టకండి. కారును ఎస్పాడా దగ్గర వదిలి, నీటికి ఎదురుగా ఎగువకు తొక్కండి. ముందు అక్విడెక్టు వస్తుంది. ఆ తర్వాత సాన్ హువాన్. నదిని తిన్నగా చేసినప్పుడు ఎండిపోయిన దాని కాలువకు ఏళ్ల తరబడి తగువుపడి మళ్లీ నీళ్లు తెచ్చుకున్నారు, పక్కన పొలం పారుతోంది. సాన్ హోసే, కాన్సెప్సియోన్ దాటి అలమో చేరేసరికి చొక్కా తడిసిపోయి ఉంటుంది.

అక్కడ ముందువైపు ఫొటోల వాళ్లను వదిలేసి చర్చి వెనక తోటలోకి వెళ్లండి. రాళ్లు పేర్చిన పాత కాలువ ముక్క ఒకటి ఉంది. నేను చూసినప్పుడు అందులో రంగు చేపలు తిరుగుతున్నాయి, ఒక పిల్లాడు గట్టున బోర్లా పడుకుని వాటిని లెక్కపెడుతున్నాడు. "రా, అలమో చూద్దాం" అని వాళ్లమ్మ చెయ్యి పట్టి లాగుతోంది.